రూల్ ఇంగ్లిష్‌లో.. పని తెలుగులో.. మధ్యలో మీ ఉద్యోగం!

విదేశాలకు వెళ్లే మన మిర్చి, కాఫీ, రొయ్య, ఆవకాయ.. అన్నిటికీ ఇప్పుడు రుచితో పాటు రుజువు కూడా కావాలి. ఆ రుజువు తయారుచేసి పెట్టేవాళ్లు చిన్న వ్యాపారుల దగ్గర, రైతు సంఘాల దగ్గర తక్కువగా ఉన్నారు. కోడింగ్ ఒక్కటే దారి అనుకుంటున్న డిగ్రీ, బీటెక్ విద్యార్థులు ఒకసారి ఇటు కూడా చూడొచ్చు.

సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట్, రాణిగంజ్, ప్యాట్నీ వైపు గల్లీల్లో తిరిగేవాళ్లకు కొరియర్ దుకాణాల బోర్డులు కొత్త కాదు. ‘అమెరికా, యూకే, ఆస్ట్రేలియాకు పచ్చళ్లు, స్వీట్లు పంపబడును’ అని రాసి ఉంటుంది. 2025 ఆగస్టులో ఆ బోర్డుల వెనక ఉన్న లెక్క మారిపోయింది. అప్పటిదాకా 800 డాలర్ల లోపు విలువున్న పార్సిల్‌కు అమెరికాలో సుంకం పడేది కాదు. ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపును అన్ని దేశాలకూ ఎత్తేశారు. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎలా కట్టాలి అన్నది తేలకపోవడంతో మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సిళ్లు ఆపడం మొదలుపెట్టింది. అక్టోబర్ 15న గానీ మళ్లీ తీసుకోలేదు. అంటే ఏడు వారాలు.

పెద్ద కంపెనీకి ఇలాంటి రోజు వస్తే లీగల్ టీమ్ ఉంటుంది, కస్టమ్స్ కన్సల్టెంట్ ఉంటాడు. ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుని ఇంటి వెనక షెడ్డులో పచ్చళ్లు పట్టే అక్కకు ఎవరున్నారు? ఆమెకు వాట్సాప్‌లో వచ్చిన ఫార్వర్డ్ మెసేజ్ తప్ప ఏమీ లేదు. సరిగ్గా ఆ ఖాళీలోనే ఒక ఉద్యోగం ఉంది. రూల్ ఇంగ్లిష్‌లో వస్తుంది. పని మాత్రం పొలంలో, కళ్లంలో, చెరువు గట్టున, వంటింట్లో తెలుగులో జరుగుతుంది. రెండూ తెలిసిన మనిషి మధ్యలో కావాలి.

మారింది సుంకం ఒక్కటే కాదు

సుంకం అంకెల్లో కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే మాట్లాడతారు. ఆ రేట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. సుంకం కట్టడానికి సిద్ధపడ్డా సరుకు లోపలికి వెళ్తుందన్న గ్యారంటీ లేదు. ‘ఇది ఎక్కడ పండింది, ఎవరు చేశారు, ఇందులో ఏం ఉంది, ఏం లేదు’ అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. గత కొన్నేళ్లలో వచ్చిన మార్పులు చూడండి.

2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు కొన్ని భారతీయ మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని అమ్మకాలు ఆపించారు. సూక్ష్మక్రిములను చంపడానికి వాడే వాయువు ఇది. ఆ తర్వాత మన స్పైసెస్ బోర్డు ఆ రెండు చోట్లకు వెళ్లే మసాలా సరుకుకు ఈ పరీక్షను తప్పనిసరి చేసింది.

యూరోపియన్ యూనియన్ 2023లో అడవుల నరికివేతకు సంబంధించి ఒక చట్టం తెచ్చింది. కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువుల ఉత్పత్తులకు ఇది వర్తిస్తుంది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండింది కాదని చూపించాలి. రెండుసార్లు వాయిదా పడిన ఈ చట్టం పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబర్ 30 నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు 2027 జూన్ 30 నుంచి అమలవ్వాలి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఆహార పదార్థాలకు ‘ట్రేసబిలిటీ’ రూల్ తెచ్చింది. రొయ్యలు, తాజా మామిడి పండ్లు అందులో ఉన్నాయి. అధికారులు అడిగితే సరుకు ఎక్కడెక్కడి నుంచి చేతులు మారి వచ్చిందో 24 గంటల్లో స్ప్రెడ్‌షీట్ రూపంలో ఇవ్వాలి. దీని గడువు 2026 జనవరి నుంచి 2028 జులై 20కి జరిగింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వాయిదా పడింది కదా అని వదిలేయడం. వాయిదా అంటే రద్దు కాదు. పైగా కొనేవాళ్లు గడువు దాకా ఆగరు. ‘మీ దగ్గర రికార్డులు ఉన్నాయా?’ అని ముందే అడగడం మొదలుపెడతారు. లేవంటే ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తారు.

ఒక ఆవకాయ సీసా.. పది ప్రశ్నలు

పని ఎలా ఉంటుందో అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. బన్సీలాల్‌పేట్‌లో ఒక చిన్న పచ్చళ్ల యూనిట్ ఉందనుకోండి. ఇన్నాళ్లూ తెలిసినవాళ్ల ద్వారా అమెరికాకు పార్సిళ్లు వెళ్లేవి. ఇప్పుడు డాలస్‌లోని ఒక కిరాణా దుకాణం నెలకు 500 సీసాలు పంపమంది. మీరు ఆ యూనిట్‌లో చేరారు. మొదటి రోజు ఏం చేస్తారు?

ముందు గిఫ్ట్‌కూ, వ్యాపారానికీ తేడా చెప్పాలి. అమ్మ ఇంట్లో చేసి కూతురికి గిఫ్ట్‌గా పంపే పచ్చడికి ఎఫ్‌డీఏ ముందస్తు నోటీసు అక్కర్లేదు. అదే పచ్చడి దుకాణంలో కొని పంపితే నోటీసు ఇవ్వాలి. ఇక అమ్మకానికి పంపితే ఆట మొత్తం వేరు. చికెన్, మటన్ పచ్చళ్ల సంగతైతే మొదట్లోనే ‘వద్దు’ అని చెప్పేయాలి. మన దేశం నుంచి కోడి, మేక మాంసం ఉత్పత్తులకు అమెరికా అనుమతి లేదు.

తర్వాత మన వైపు కాగితాలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి ఎగుమతి దిగుమతి కోడ్. ఈ కోడ్‌కు ఫీజు 500 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు అప్‌డేట్ చేయాలి. ఇది మర్చిపోతే కోడ్ పనిచేయకుండా పోతుంది. ఆహార ఉత్పత్తుల ఎగుమతికి అపెడా నమోదు కూడా చూసుకోవాలి. అపెడాకు హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది.

ఆ తర్వాత హెచ్ఎస్ కోడ్. ప్రపంచంలో ప్రతి సరుకుకూ ఉండే అంకెల పేరు ఇది. సుంకం, రూల్స్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఊరగాయ అనగానే చాలామంది 2001 అని రాసేస్తారు. ఆ శీర్షిక చదివితే ‘వెనిగర్ లేదా అసిటిక్ ఆమ్లంతో నిల్వ చేసిన’ అని ఉంటుంది. మన ఆవకాయలో వెనిగర్ ఎక్కడుంది? ఉప్పు, కారం, ఆవపిండి, నూనె. మరి ఏ కోడ్ కిందికి వస్తుంది? దీనికి జవాబు ఊహించి రాయకూడదు, కస్టమ్స్ బ్రోకర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. కానీ ఆ ప్రశ్న అడగాలని తెలియడమే సగం పని. ఆ ప్రశ్న అడగగలిగేది ఆవకాయ ఎలా పడతారో తెలిసినవాళ్లే.

ఇక అమెరికా వైపు. యూనిట్ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు కావాలి. అమెరికాలో ఉండే ఒక ఏజెంట్ పేరు ఇవ్వాలి. సరి సంవత్సరాల్లో అక్టోబర్ 1 నుంచి డిసెంబర్ 31 లోపు నమోదును పునరుద్ధరించుకోవాలి. అక్కడి దిగుమతిదారుకూ ఒక బాధ్యత ఉంది. సరఫరా చేసే యూనిట్ భద్రత పాటిస్తోందో లేదో తనిఖీ చేసి రుజువులు దగ్గర పెట్టుకోవాలి. ఆ రుజువులు ఇవ్వాల్సింది మనమే.

పచ్చడి కాబట్టి పీహెచ్ కూడా ముఖ్యం. పీహెచ్ 4.6 అనేది ఒక గీత లాంటిది. అంతకంటే ఎక్కువ ఉండి, తేమ కూడా ఉంటే, గాలి చొరబడని సీసాలో బొట్యులినమ్ బ్యాక్టీరియా విషం తయారుచేసే ప్రమాదం ఉంది. అందుకే ఆమ్లం కలిపి నిల్వ చేసే ఆహారాలకు అమెరికాలో తయారీ విధానాన్ని విడిగా ఫైల్ చేయాలి. మన పచ్చడి ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది ఆ రంగం నిపుణులు పరీక్షించి చెప్పాలి. మీ పని ప్రతి బ్యాచ్ పీహెచ్ కొలిచి రాయించడం. ‘మా అమ్మమ్మ కాలం నుంచి చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఆ మాటను కస్టమ్స్ దగ్గర చూపించలేం.

చివరిగా లేబుల్. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థం. పప్పునూనె, అదే నువ్వుల నూనె వాడిన పచ్చడికైనా, సకినాలకైనా ఆ మాట లేబుల్ మీద ఉండాలి. అదే పచ్చడి కెనడాకో, యూరప్‌కో పంపితే ఆవాలు కూడా అలర్జీ జాబితాలో ఉన్నాయి. అమెరికా జాబితాలో ఆవాలు లేవు. అంటే ఒకే ఆవకాయకు దేశాన్ని బట్టి లేబుల్ మారాలి. పేరులోనే ఆవ ఉన్నా, ‘మస్టర్డ్’ అని రాయకపోతే అక్కడ తప్పే.

ఇవన్నీ చూసి భయపడక్కర్లేదు. ఇందులో రాకెట్ సైన్స్ ఏదీ లేదు. చదవాలి, అడగాలి, రాయించాలి, దాచాలి. అంతే. కానీ ఎవరో ఒకరు కూర్చుని చేయాలి.

అరకు కాఫీ: ఆరు దశాంశ స్థానాల పని

ఇప్పుడు ఊరు మారుద్దాం. సీసాలోని పచ్చడికి యూనిట్ రికార్డు సరిపోతుంది. కాఫీకి అయితే రికార్డు కొండ మీది తోట నుంచి మొదలవ్వాలి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన రైతులు వెండి ఓక్ చెట్ల నీడన, మిరియాల పాదుల మధ్య కాఫీ పండిస్తారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్కో కుటుంబానిది చిన్న తోట. వందల కుటుంబాల పండ్లు కలిస్తే గానీ ఒక కంటైనర్ నిండదు.

యూరప్ చట్టం ప్రకారం ఆ కంటైనర్‌లోని కాఫీ పండిన ప్రతి తోట ఎక్కడుందో చెప్పాలి. తోట 4 హెక్టార్లు, అంటే సుమారు 10 ఎకరాల లోపు ఉంటే ఒక్క పాయింట్ చాలు. అంతకు మించితే చుట్టూ హద్దు గీయాలి. అక్షాంశం, రేఖాంశం దశాంశం తర్వాత కనీసం ఆరు అంకెల దాకా ఇవ్వాలి. ఆ దేశ చట్టాల ప్రకారమే పండించారని కూడా చూపాలి. అందుకే అటవీ హక్కుల పట్టా లాంటి కాగితాలకు ఇప్పుడు ఎగుమతి విలువ వచ్చింది. రైతుల నమోదు కోసం కాఫీ బోర్డు ఒక యాప్ కూడా తెచ్చింది. యూరప్ మన దేశాన్ని ‘తక్కువ ముప్పు’ ఉన్న దేశాల జాబితాలో పెట్టింది కాబట్టి తనిఖీల బరువు కొంత తగ్గుతుంది. తోటల వివరాలు మాత్రం ఇవ్వక తప్పదు.

బీటెక్ వాళ్లకు ఇక్కడ ఒక సరదా లెక్క. అరకు సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మ్యాప్ డేటాకు వాడే జియోజేసన్ ఫార్మాట్‌లో రేఖాంశం ముందు రాయాలి. మనం మామూలుగా చెప్పేటప్పుడు అక్షాంశం ముందు చెప్తాం. ఎవరైనా ఈ రెండూ తారుమారు చేస్తే ఆ కాఫీ తోట ఉత్తర ధ్రువం దగ్గర ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! సాఫ్ట్‌వేర్‌కు అది తప్పు అని తెలియకపోవచ్చు. తోట చూసినవాడికి వెంటనే తెలుస్తుంది.

ఫోన్ జీపీఎస్ చెట్ల కింద కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కాబట్టి తోటకు వెళ్లాలి, కాస్త ఖాళీ జాగాలో నిలబడాలి, రీడింగ్ కుదురుకునే దాకా ఆగాలి. రైతు పేరు ఆధార్‌లో ఒకలా, పట్టాలో ఒకలా ఉంటే ఏది నిజమో ఆయన్నే అడగాలి. ఈ పని హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని అవ్వదు. ఎవరి తోట పాయింట్ అయినా తప్పిపోతే నష్టం ఆ రైతుకే. ఆయన పండ్లను ఎగుమతి లాట్‌లో కలపరు, స్థానిక ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. ఆయన ఏ చెట్టూ కొట్టకపోయినా సరే.

మిర్చి: కళ్లంలోనే తేలిపోతుంది

గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు పిల్లలకు మిర్చి కళ్లం చెప్పక్కర్లేదు. కోసిన కాయలు ఆరబోస్తారు. మంచు పడుతుంది, ఒక్కోసారి వాన కూడా వస్తుంది. నేల మీద తేమ తగిలిన కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. కంటికి కనిపించదు. ఎండుమిర్చిలో దీనికి యూరప్ పెట్టిన పరిమితి మొత్తం మీద కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బీ1 రకం 5 మాత్రమే. వంద కోట్ల పాళ్లలో 10 పాళ్లు అన్నమాట.

ఇంత చిన్న అంకెను ఫ్యాక్టరీలో సరిచేయలేం. పొడి కొట్టాక విషాన్ని వేరుచేసే దారి లేదు. కాయ విరగకుండా బస్తాలకు ఎత్తేముందు నీళ్లు చల్లే అలవాటు ఉంది. ఆ ఒక్క అలవాటు మానినా ముప్పు తగ్గుతుంది. పట్టా మీద ఆరబోయడం, తాలు కాయలు ఏరేయడం, తేమ కొలిచి బస్తా కట్టడం, ఏ రైతు బస్తా ఏదో గుర్తు పెట్టడం.. ఇవే యూరప్ రూల్‌కు మన తెలుగు అనువాదం. పురుగు మందుల అవశేషాలదీ ఇదే కథ. ఏ మందు, ఏ రోజు, ఎంత కొట్టారు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపారు అన్నది రైతు చేతిలోని చిన్న నోటుబుక్కులో ఉండాలి. నోటుబుక్కు లేకపోతే ల్యాబ్ రిపోర్టు వచ్చాకే విషయం తెలుస్తుంది. అప్పటికి సరుకు కలిసిపోయి ఉంటుంది.

భీమవరం, నెల్లూరు రొయ్యల చెరువుల దగ్గర ఈ పద్ధతి ఎప్పుడో మొదలైంది. యూరప్‌కు వెళ్లే రొయ్యను పట్టకముందే నమూనా తీసి, నిషేధిత యాంటీబయాటిక్స్ లేవని సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తారు. పాస్ అయితేనే పట్టుబడి. మిర్చి, పసుపు, మామిడి కూడా నెమ్మదిగా ఇదే దారిలో నడవాల్సిందే. జాతీయ పసుపు బోర్డు 2025లో నిజామాబాద్ కేంద్రంగా ఏర్పడింది కాబట్టి పసుపు జిల్లాల విద్యార్థులు దాని ప్రకటనల మీద ఒక కన్నేసి ఉంచాలి.

ఉద్యోగాలు ఏ పేరుతో ఉంటాయి?

జాబ్ పోర్టల్‌లో ‘విదేశీ రూల్స్ చెప్పేవాడు కావలెను’ అని ఉండదు. వెతకాల్సిన పేర్లు ఇవి:

• ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్: ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, షిప్పింగ్ బిల్లు, మూలధ్రువీకరణ పత్రం. ఎగుమతి సంస్థల్లో, ఫ్రైట్ ఫార్వర్డర్ల దగ్గర ఉంటాయి. మన దగ్గర సనత్‌నగర్ కంటైనర్ డిపో, శంషాబాద్ ఎయిర్ కార్గో చుట్టూ ఈ పని నడుస్తుంది. యూఏఈతో 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న ఒప్పందం లాంటి వాటి కింద సుంకం తగ్గాలంటే మూలధ్రువీకరణ పత్రం సరిగ్గా ఉండాలి.

• క్వాలిటీ అష్యూరెన్స్, ఫుడ్ సేఫ్టీ అసిస్టెంట్: ప్రాసెసింగ్ యూనిట్లలో. బ్యాచ్ రికార్డులు, శుభ్రత, నమూనాలు, ఆడిట్‌కు సిద్ధం చేయడం.

• ట్రేసబిలిటీ కోఆర్డినేటర్, ఫీల్డ్ ఆఫీసర్: కాఫీ, మసాలా, రొయ్య, సేంద్రియ ఉత్పత్తుల కంపెనీల్లో, రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో. ఫోన్ యాప్, జీపీఎస్, ఎక్సెల్, బైక్ తప్పనిసరి.

• ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్: సేంద్రియ రైతుల బృందాల్లో. బృందం సొంతంగా ప్రతి రైతునూ తనిఖీ చేసి రాసుకోవాలి. యూరప్ కొత్త సేంద్రియ చట్టం ఒక్కో బృందంలో 2,000 మందికి మించకూడదని, దానికి సొంత చట్టబద్ధ హోదా ఉండాలని చెప్పింది. బృందాలు విడిపోయి కొత్తగా ఏర్పడితే రాసేవాళ్లూ అంతమంది కావాలి.

• కస్టమ్స్ బ్రోకర్ దగ్గర ఉద్యోగి: హెచ్ కార్డుతో మొదలుపెట్టి, పరీక్ష రాసి జీ కార్డు తెచ్చుకోవచ్చు. అనుభవం వచ్చాక సొంత లైసెన్స్ పరీక్షకు వెళ్లొచ్చు.

నిజం చెప్పుకోవాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఆఫర్ లెటర్ చూసి కలలు కన్నవాళ్లకు నచ్చకపోవచ్చు. మొదటి రెండేళ్లు ఎండలో తిరగడం, అర్ధరాత్రి కంటైనర్ కోసం ఫోన్లు చేయడం ఉంటాయి. కానీ ఒక ఉత్పత్తి, రెండు మూడు దేశాల రూల్స్ మీద పట్టు వచ్చినవాడిని ఏ యూనిట్ కూడా తేలిగ్గా వదులుకోదు. పది చిన్న యూనిట్లకు కలిపి సేవ చేసే సొంత కన్సల్టెన్సీ కూడా పెట్టుకోవచ్చు. దానికి పెద్ద ఆఫీసు అక్కర్లేదు. బన్సీలాల్‌పేట్‌లో ఒక గది, ల్యాప్‌టాప్, యూనిట్లకు వెళ్లొచ్చే ఓపిక చాలు.

ఎవరికి అనుకూలం? ఎక్కడ నేర్చుకోవాలి?

ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ వాళ్లకు మొదటి అడుగు సులువు. బీకామ్, బీబీఏ వాళ్లకు డాక్యుమెంటేషన్ వైపు. బీటెక్ వాళ్లకు ట్రేసబిలిటీ డేటా వైపు. తెలుగు మీడియంలో చదివామని వెనక్కి తగ్గేవాళ్లకు ఒక మాట: ఇక్కడ అదే మీ బలం. ఇంగ్లిష్ పత్రం చదవడం ఆరు నెలలు కష్టపడితే వస్తుంది. తాలు కాయకూ, మచ్చ కాయకూ తేడా, చెరువు గట్టు మీద మాట్లాడే తీరు అంత త్వరగా రావు.

చదువుల కోసం చూస్తే: ఉస్మానియా టెక్నాలజీ కళాశాలలో ఫుడ్ టెక్నాలజీ కోర్సులు ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా రుద్రూరులో, ఏపీలో బాపట్ల, పులివెందులలో వ్యవసాయ వర్సిటీల ఫుడ్ సైన్స్ కళాశాలలు ఉన్నాయి. విదేశీ వాణిజ్యానికి పేరున్న ఐఐఎఫ్‌టీ క్యాంపస్ కాకినాడలో ఉంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఎన్ఐపీహెచ్ఎం తెగుళ్లు, క్వారంటైన్, ఫ్యూమిగేషన్ అంశాల మీద శిక్షణలు ఇస్తుంది. హైదరాబాద్‌లోని భారతీయ ప్యాకేజింగ్ సంస్థ శాఖలోనూ కోర్సులు ఉంటాయి. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫోస్టాక్ శిక్షణ చేసి ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. చేరే ముందు ఫీజు, తేదీలు ఆయా సంస్థల్లోనే కనుక్కోండి.

సొంత యూనిట్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకోటి. సూక్ష్మ ఆహార యూనిట్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రుణంతో ముడిపడిన సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు అందుతోందో లేదో కనుక్కోండి.

నెల రోజుల హోంవర్క్

ఇంటర్వ్యూలో ‘ఎక్స్‌పోర్ట్స్ మీద ఆసక్తి ఉంది సార్’ అంటే ఎవరూ వినరు. చేసింది చూపించండి.

మొదటి వారం: ఒక ఉత్పత్తి, ఒక దేశం ఎంచుకోండి. మీ ఊరి సరుకే తీసుకోండి. మన కస్టమ్స్ టారిఫ్‌లో దాని హెచ్ఎస్ కోడ్ వెతకండి. యూరప్ అయితే ‘యాక్సెస్2మార్కెట్స్’ పోర్టల్, మన వైపు ‘ట్రేడ్ కనెక్ట్’ పోర్టల్ ఉచితం. దొరికిన రూల్స్‌ను ఒక్క పేజీలో, మీ పెద్దమ్మకు అర్థమయ్యే తెలుగులో రాయండి.

రెండో వారం: అనుమతి తీసుకుని ఒక చిన్న యూనిట్‌కో, రైతు సంఘానికో వెళ్లండి. సరుకు లోపలికి వచ్చిన దగ్గర నుంచి బయటికి వెళ్లే దాకా ఒక్కో మెట్టూ రాయండి. ఏ మెట్టు దగ్గర ‘ఇది ఎవరి సరుకు’ అన్న ఆనవాలు పోతోందో గుర్తించండి. చాలాచోట్ల అది బస్తాలు కలిపే దగ్గరే పోతుంది.

మూడో వారం: ఒక పేజీ రిజిస్టర్ తయారుచేయండి. తేదీ, రైతు లేదా సరఫరాదారు, బరువు, బ్యాచ్ నంబర్, చేసినవాళ్ల సంతకం. కాలమ్‌లు ఎక్కువైతే ఎవరూ నింపరు. పనిచేసే అక్క రెండు నిమిషాల్లో నింపగలగాలి. తెలుగులోనే ఉంచండి.

నాలుగో వారం: పరీక్ష పెట్టండి. షెల్ఫ్ మీది ఒక సీసా తీసి, ‘ఇందులోని కారం ఏ బస్తాది? అదే బస్తా కారం ఇంకా ఏ సీసాల్లోకి వెళ్లింది?’ అని అడగండి. జవాబుకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఈ నాలుగు వారాల ఫైలే మీ రెజ్యూమె. దీంతో పాటు ప్రపంచ వాణిజ్య సంస్థ వాళ్ల ‘ఈపింగ్’లో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే, మీరు ఎంచుకున్న సరుకు మీద ఏ దేశం కొత్త రూల్ ప్రతిపాదించినా మెయిల్ వస్తుంది.

ఈ రెండు చోట్ల జాగ్రత్త

ఒకటి, సర్టిఫికెట్ల దందా. ‘ఎఫ్‌డీఏ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అని బంగారు ముద్ర ఉన్న కాగితం అమ్మేవాళ్లు ఉంటారు. ఆహార యూనిట్ నమోదుకు ఎఫ్‌డీఏ ఫీజు తీసుకోదు, నమోదైనందుకు సర్టిఫికెట్ ఇవ్వదు. ఏజెంట్ సేవకు డబ్బు తీసుకోవడం వేరు, లేని సర్టిఫికెట్ అమ్మడం వేరు. నమోదైనంత మాత్రాన ఎఫ్‌డీఏ ఆమోదించినట్టు కూడా కాదు. ఈ ఒక్క తేడా చెప్పగలిగితే మీరు చేరిన యూనిట్‌కు మొదటి నెలలోనే డబ్బు మిగిల్చినట్టు.

రెండోది ఇంకా కష్టమైనది. ఆడిటర్ వస్తున్నాడనగానే ‘మూడు నెలల రికార్డు ఇవాళ రాత్రికి రాసేయ్’ అనే మాట వినిపించవచ్చు. ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ప్రతిరోజూ ఒకే పీహెచ్. అనుభవం ఉన్న ఆడిటర్ రెండు పేజీలు తిప్పగానే పట్టేస్తాడు. పట్టుకోకపోతే ఇంకా ప్రమాదం. ఎందుకంటే ఆ రికార్డు అవతల ఒక పసిపిల్ల తినే తిండి గురించి చెప్తోంది. ఇవతల కళ్లంలో పట్టా కొని, మందు ఆపి, ఒళ్లు వంచిన రైతు సరుకు కూడా ఆ దొంగ రికార్డు బయటపడిన రోజున అందరితో పాటు వెనక్కి వస్తుంది. కొత్తగా చేరినవాడికి యజమానితో ‘రాయను’ అనడం తేలిక కాదు. ‘ఇవాళ్టి నుంచి సరిగ్గా రాద్దాం, పాతవి లేవని ఒప్పుకుందాం’ అని చెప్పి చూడండి. లోపం ఒప్పుకుని దిద్దుబాటు చూపించిన యూనిట్‌కు ఆడిట్‌లో ఇంకో అవకాశం ఉంటుంది. అబద్ధం చెప్పి దొరికిన యూనిట్‌ను మళ్లీ నమ్మరు.

రూల్స్ మారుతూనే ఉంటాయి. ఈ వ్యాసంలోని తేదీల్లో కొన్ని మళ్లీ జరగొచ్చు కూడా. అందుకే తేదీలు బట్టీ పట్టడం కంటే మూల పత్రం చదివే అలవాటు ముఖ్యం. చదివింది పనిచేసేవాళ్ల భాషలో చెప్పడం, జరిగిన పని జరిగిన రోజే రాయించడం.. ఈ రెండూ వస్తే ఏ దేశం ఏ రూల్ తెచ్చినా మీ పని మీకు ఉంటుంది. ఈ వారమే మీ ఊళ్లో పండే ఒక సరుకు పేరు, అది వెళ్లే ఒక దేశం పేరు కాగితం మీద రాసుకోండి. హోంవర్క్ అక్కడి నుంచి మొదలుపెట్టండి.